కొత్త బ్యాటరీలు, దివాలా తీసే కంపెనీలు: తరచుగా అడిగే ప్రశ్నలు

"5 నిమిషాల్లో ఫుల్ చార్జింగ్, 20 ఏళ్ల మన్నిక" అని ఏళ్ల తరబడి వార్తలు చదువుతున్నాం. ఆ బ్యాటరీలు షాపుల్లో ఎందుకు కనిపించవు?

ఆ వార్తల్లో చాలావరకు అబద్ధాలేమీ కావు. ల్యాబ్‌లో, చొక్కా గుండీ అంత సెల్ (బ్యాటరీలో ఒక యూనిట్) మీద, ఆ ఫలితం నిజంగానే వచ్చి ఉంటుంది. అక్కడి నుంచి స్కూటర్లోకో ఇన్వర్టర్ పక్కకో రావడానికి పదేళ్లు పట్టినా ఆశ్చర్యం లేదు. ఆ పదేళ్లూ జీతాలు, యంత్రాలు, టెస్టింగ్ ఖర్చులు ఆగవు. వచ్చే ఆదాయం మాత్రం దాదాపు సున్నా. అందుకే ఈ రంగంలో మూతపడిన కంపెనీల చరిత్ర తిరగేస్తే రసాయనం ఫెయిలైనవాటి కంటే డబ్బు అయిపోయినవే ఎక్కువ కనిపిస్తాయి.

ఇది ఇవాళ్టి జబ్బు కూడా కాదు. 1970ల్లో చమురు కంపెనీ ఎక్సాన్‌లో స్టాన్లీ విటింగ్‌హామ్ రీచార్జ్ చేయగల లిథియం బ్యాటరీని తయారుచేశారు. ఆ తర్వాత చమురు ధరలు దిగొచ్చాయి, కంపెనీకి ఆసక్తి పోయింది, ప్రాజెక్టును అటకెక్కించారు. లిథియం బ్యాటరీల మీద చేసిన పనికే ఆయనకు 2019లో నోబెల్ వచ్చింది. కెనడాలోని మోలీ ఎనర్జీ ఇంకో అడుగు ముందుకేసి లిథియం మెటల్ సెల్స్‌ను అమ్మింది కూడా. 1989లో జపాన్‌లో మొబైల్ ఫోన్లలో అవి అంటుకోవడంతో మరుసటి ఏడాదికల్లా కంపెనీ అప్పులవాళ్ల చేతికి పోయింది. చివరికి 1991లో లిథియం అయాన్ బ్యాటరీని బజారుకు తెచ్చింది సోనీ. సోనీకి సొంత వీడియో కెమెరాలున్నాయి, అంటే బ్యాటరీ కొనే మొదటి కస్టమర్ ఇంట్లోనే ఉన్నాడు. పైగా కెమెరాల మీద వచ్చే లాభం ఉంది. ఈ తేడా కింద చాలాచోట్ల మళ్లీ తగులుతుంది.

కొత్త రకాలంటే ఏవేవి?

సోడియం అయాన్: లిథియం బదులు ఉప్పులో ఉండే సోడియం. సాలిడ్ స్టేట్: లోపల మండే ద్రవం బదులు ఘన పదార్థం. లిథియం సల్ఫర్: బరువు తక్కువ, విమానాలవాళ్లకు ఇష్టం. ఇవికాక కరెంటు సరఫరా గ్రిడ్ కోసం నేలమీద కదలకుండా కూర్చునే రకాలు: ఐరన్ ఎయిర్, ఫ్లో బ్యాటరీలు, జింక్ బ్యాటరీలు, లిక్విడ్ మెటల్. ఇప్పుడు మన స్కూటర్లలో, బస్సుల్లో ఉన్న ఎల్ఎఫ్‌పీ (ఇనుము, ఫాస్ఫేట్‌తో చేసేది), ఎన్ఎంసీ (నికెల్, మాంగనీస్, కోబాల్ట్‌తో చేసేది) రెండూ పాత లిథియం అయాన్ కుటుంబానివే.

ల్యాబ్‌లో పనిచేసింది ఫ్యాక్టరీలో ఎందుకు మొరాయిస్తుంది?

ఇంట్లో నలుగురికి గోంగూర పచ్చడి బాగా చేయడం వేరు, ఏడాది పొడవునా రోజుకు పదివేల సీసాలు ఒకే రుచితో నింపడం వేరు. బ్యాటరీలో ఈ తేడా ఇంకా దారుణంగా ఉంటుంది.

సెల్ తయారీ ఇలా నడుస్తుంది. రసాయన పొడిని జిగురుతో కలిపి చిక్కటి ముద్ద చేసి, వెంట్రుక కంటే పల్చని అల్యూమినియం, రాగి రేకుల మీద పూతగా పూస్తారు. ఓవెన్‌లో ఆరబెట్టి, రోలర్ల కింద అదిమి, కోసి, పొరలు పేర్చి, ఎలక్ట్రోలైట్ అనే ద్రవం పోసి సీల్ చేస్తారు. తర్వాత మొదటి చార్జింగ్ చాలా నెమ్మదిగా చేసి, కొన్ని రోజుల నుంచి వారాల దాకా పక్కన పెట్టి గమనిస్తారు. ఇందులో కీలకమైన పనులన్నీ డ్రై రూమ్‌లో జరగాలి. అక్కడ పనిచేసే మనుషుల ఊపిరిలోని తేమను కూడా యంత్రాలు లాగేస్తూ ఉండాలి, దానికయ్యే కరెంటు బిల్లే ఒక పెద్ద పద్దు. పూత మందం కొద్దిగా తేడా వచ్చినా, ఒక లోహపు రేణువు లోపల పడినా ఆ సెల్ పనికిరాదు. కొన్నిసార్లు ఆ సంగతి వారాల తర్వాత గానీ తెలియదు. వంద సెల్స్‌లో ముప్పై తుక్కులోకి పోతే ఆ ముప్పైలోని నికెల్, రాగి, కరెంటు, కూలి అన్నీ మిగతా డెబ్భై మీద పడతాయి. కొత్త ఫ్యాక్టరీలో మొదట్లో తుక్కు ఎక్కువే ఉంటుంది. అది తగ్గేదాకా కంపెనీని మోసేది ఎవరన్నదే అసలు ప్రశ్న.

ఎల్ఎఫ్‌పీ ఇప్పుడు ఎక్కడ చూసినా ఉంది. దాన్ని అమెరికాలో మొదట పెద్ద ఎత్తున చేసిన కంపెనీ మునిగిపోయిందంటారు, నిజమేనా?

నిజమే. ఎ123 సిస్టమ్స్. 2001లో ఎంఐటీ పరిశోధన నుంచి పుట్టింది. 2009 సెప్టెంబరులో 13.50 డాలర్లకు ఐపీఓకు వస్తే మొదటి రోజే షేరు 20 డాలర్లు దాటింది. అమెరికా ప్రభుత్వం 24.9 కోట్ల డాలర్ల గ్రాంటు మంజూరు చేసింది. అప్పట్లో మూడు పువ్వులు ఆరు కాయలు.

ఇబ్బంది ఏమిటంటే, వాళ్లు కట్టిన ఫ్యాక్టరీకి తగినన్ని ఎలక్ట్రిక్ కార్లు అప్పటికి రోడ్డు మీద లేవు. ఉన్న ముఖ్యమైన కస్టమర్లలో ఒకటి ఫిస్కర్, అదీ కష్టాల్లో ఉన్న స్టార్టప్పే. 2012 మార్చిలో ఫిస్కర్ కర్మా కారు ఒకటి కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక వాళ్ల టెస్ట్ ట్రాక్ మీదే ఆగిపోయింది. వెతికితే తేలింది ఇది: మిషిగన్‌లోని లివోనియా ఫ్యాక్టరీలో నాలుగు ఆటోమేటిక్ వెల్డింగ్ యంత్రాలుంటే, వాటిలో ఒకదాని క్యాలిబ్రేషన్ తప్పింది. దాంతో కొన్ని సెల్స్‌లో ఒక భాగం పక్కకు జరిగింది, షార్ట్ అయ్యే ప్రమాదం వచ్చింది. లోపమున్న ఆ బ్యాటరీలు మార్చి ఇవ్వడానికి అయ్యే ఖర్చు 5.5 కోట్ల డాలర్లని కంపెనీయే చెప్పింది. అసలే నష్టాల్లో ఉన్నదానికి గోరుచుట్టు మీద రోకటిపోటు. అదే ఏడాది అక్టోబరులో దివాలా పిటిషన్ పడింది. 2013 మొదట్లో చైనా ఆటో విడిభాగాల కంపెనీ వాన్‌షియాంగ్ సుమారు 25.7 కోట్ల డాలర్లకు కొనేసింది.

ఎల్ఎఫ్‌పీ మాత్రం చావలేదు. చైనాలో ఇప్పుడు కార్ల బ్యాటరీల్లో పెద్ద వాటా దానిదే.

నార్త్‌వోల్ట్‌కు అంత డబ్బు వచ్చింది కదా, దానికేమైంది?

అంత డబ్బు రావడమే సగం సమస్య అని నా అభిప్రాయం. టెస్లాలో పనిచేసిన పీటర్ కార్ల్‌సన్, పావ్‌లో చెరూటీ 2016లో స్వీడన్‌లో పెట్టిన కంపెనీ ఇది. ఫోక్స్‌వ్యాగన్, గోల్డ్‌మన్ శాక్స్ లాంటివాళ్లు పెట్టుబడి పెట్టారు. వాటాలు, అప్పులు, గ్రాంట్లు కలిపి సుమారు 1,500 కోట్ల డాలర్లు సమకూరాయి, మన లెక్కలో లక్ష కోట్ల రూపాయలకు పైమాటే. ఆర్కిటిక్ వలయానికి కాస్త దిగువన షెలెఫ్టియో అనే చిన్న ఊళ్లో ఫ్యాక్టరీ కట్టారు. 2021 డిసెంబరు చివర్లో మొదటి సెల్ బయటికొచ్చింది.

మొదటి సెల్ చేయడం వేరు, రోజుకు లక్షల సెల్స్ చేయడం వేరు. ఉత్పత్తి అనుకున్నదాంట్లో చాలా చిన్న వంతు దగ్గరే ఈడుస్తూ ఉంది. ఆ ఒక్క ఫ్యాక్టరీ కుదురుకోకముందే జర్మనీలో ఒకటి, కెనడాలోని క్యూబెక్‌లో ఒకటి మొదలుపెట్టారు. పోలండ్‌లో స్టోరేజీ ప్లాంటు, కాలిఫోర్నియాలో లిథియం మెటల్ పరిశోధన, రీసైక్లింగ్, సోడియం అయాన్ అన్నీ ఒకేసారి నెత్తికెత్తుకున్నారు. అనుభవం ఉన్న కంపెనీకే అది తలకు మించిన భారం. 2024 జూన్‌లో బీఎండబ్ల్యూ 200 కోట్ల యూరోల ఆర్డరు రద్దు చేసుకుంది. అదే నవంబరులో అమెరికా దివాలా చట్టంలోని చాప్టర్ 11 కింద అప్పులవాళ్ల నుంచి రక్షణ కోరేనాటికి చేతిలో ఉన్న నగదు 3 కోట్ల డాలర్లు, అంటే వారం రోజుల ఖర్చు. అప్పులు 580 కోట్ల డాలర్లు. మర్నాడే కార్ల్‌సన్ సీఈఓ పదవి వదిలేశారు. 2025 మార్చి 12న స్వీడన్‌లో పూర్తి దివాలా, సుమారు 5,000 మంది ఉద్యోగాలు గాల్లో.

అదే ఆగస్టులో మిగిలిన ఆస్తుల్లో చాలావాటిని కొంటామని ముందుకొచ్చింది లైటెన్. అది కాలిఫోర్నియాలో లిథియం సల్ఫర్ బ్యాటరీ మీద పనిచేస్తున్న స్టార్టప్, అంటే తానూ ఇంకా గట్టెక్కనిదే. ఈ రంగంలో ఇలాంటివి చూసి నవ్వాలో ఏడవాలో తెలియదు.

ఉప్పుతో చేసేది చవకగా ఉండాలి కదా. సోడియం కంపెనీలు ఎందుకు మూతపడుతున్నాయి?

ఈ ప్రశ్నకు జవాబు లిథియం ధరలో ఉంది. 2022 నవంబరులో చైనాలో లిథియం కార్బొనేట్ టన్ను 6 లక్షల యువాన్ల దగ్గరకు వెళ్లింది. అప్పుడు సోడియం అంటే అందరికీ ముద్దొచ్చింది, పెట్టుబడులు పరిగెత్తుకొచ్చాయి. 2023 చివరికి అదే లిథియం లక్ష యువాన్ల ప్రాంతానికి పడిపోయింది. ముడిసరుకులో మిగిలే డబ్బు చూపించి నిధులు తెచ్చుకున్నవాళ్ల కాళ్ల కింద నేల జారిపోయింది. సోడియం సెల్ అదే బరువులో కాస్త తక్కువ శక్తి దాచుకుంటుంది కాబట్టి, ధరలో తేడా లేకపోతే కొనేవాడికి కారణమూ లేదు. అమెరికాలోని బెడ్‌రాక్ మెటీరియల్స్ ఈ లెక్క చూసుకునే 2025లో దుకాణం కట్టేసి, మిగిలిన డబ్బు పెట్టుబడిదారులకు తిరిగిచ్చేసింది. అలా మర్యాదగా తప్పుకునేవాళ్లు తక్కువ.

నాట్రాన్ ఎనర్జీ కథ వేరు. కాలిఫోర్నియా కంపెనీ, డేటా సెంటర్ల కోసం సోడియం బ్యాటరీలు చేసేది. మిషిగన్‌లో ఫ్యాక్టరీ ఉంది. 2024 ఆగస్టులో నార్త్ కరోలినాలో 140 కోట్ల డాలర్లతో ఇంకోటి కడతామని, వెయ్యి ఉద్యోగాలొస్తాయని ప్రకటించింది. ఏడాది తిరిగేసరికి, 2025 సెప్టెంబరులో, మొత్తం మూసేసింది. ఆర్డర్లు లేకనా అంటే కాదు, 2.5 కోట్ల డాలర్ల ఆర్డర్లు ఉన్నాయి. యూఎల్ అనే అమెరికా టెస్టింగ్ సంస్థ ఇచ్చే భద్రతా సర్టిఫికెట్ చేతికొచ్చేదాకా సరుకు పంపలేరు, సరుకు పంపేదాకా డబ్బు రాదు, ఆ మధ్యకాలానికి పెట్టుబడిదారులు ఇంకో రూపాయి ఇవ్వలేదు.

వీళ్లకంటే ముందు ఆక్వియాన్ ఉంది. కార్నెగీ మెలన్ ప్రొఫెసర్ జే విటాకర్ తయారుచేసిన ఉప్పునీటి బ్యాటరీ. అంటుకోదు, విషం లేదు, బిల్ గేట్స్ డబ్బు కూడా ఉంది. పెన్సిల్వేనియాలో ఒకప్పుడు ఫోక్స్‌వ్యాగన్ కార్లు, ఆ తర్వాత సోనీ టీవీలు చేసిన పాత షెడ్లలో ఉత్పత్తి పెట్టారు. 2017 మార్చిలో దివాలా. వాళ్ల బ్యాటరీలో లోపమేమీ లేదు, లిథియం అయాన్ అంతకంటే వేగంగా చవకైపోయింది. బ్లూమ్‌బర్గ్ ఎన్ఈఎఫ్ అనే పరిశోధన సంస్థ లెక్క ప్రకారం 2013లో కిలోవాట్ అవర్‌కు (మన కరెంటు బిల్లులోని ఒక యూనిట్‌కు) సుమారు 800 డాలర్లున్న లిథియం అయాన్ ప్యాక్ ధర 2024కి 115 డాలర్లకు దిగింది. కొత్త టెక్నాలజీ పోటీపడేది నిన్నటి ధరతో కాదు, తన ఫ్యాక్టరీ పూర్తయ్యేనాటి ధరతో. అది ఎంతకు దిగుతుందో ఊహించి అప్పు తేవాలి.

రిలయన్స్ కూడా ఇలాంటి ఒక కంపెనీలో డబ్బు పెట్టిందట?

ఆంబ్రి, పైన చెప్పిన లిక్విడ్ మెటల్ రకం. ఎంఐటీ ప్రొఫెసర్ డొనాల్డ్ శాడోవే ఆలోచన. కాల్షియం, ఆంటిమొనీలతో చేసిన సెల్ సుమారు 500 డిగ్రీల సెల్సియస్ వేడిలో పనిచేస్తుంది. ఆ వేడిలో ఏళ్ల తరబడి చెక్కుచెదరని సీల్ దొరకడమే గగనమైంది. 2015లో ఆ సీల్ సమస్య వల్లే సిబ్బందిని తగ్గించుకున్నారు. 2021 ఆగస్టులో 14.4 కోట్ల డాలర్ల పెట్టుబడి వచ్చింది, అందులో రిలయన్స్ వాటా 5 కోట్ల డాలర్లు. 2024 మేలో ఆంబ్రి దివాలా రక్షణ కోరింది.

రిలయన్స్‌కు ఇదేమీ తట్టుకోలేని దెబ్బ కాదు. బ్రిటన్‌లోని సోడియం కంపెనీ ఫారడియాన్‌ను 10 కోట్ల పౌండ్ల విలువ కట్టి కొంది, లిథియం వెర్క్స్ ఆస్తులను 6.1 కోట్ల డాలర్లకు తీసుకుంది. నాలుగు గుర్రాల మీద పందెం కాసేవాడికి ఒకటి పడిపోయినా ఆట ఆగదు. స్టార్టప్‌కు ఉన్నదే ఒక్క గుర్రం.

ఇవన్నీ జనాన్ని ముంచే స్కీములా?

కొన్నిచోట్ల ఆర్భాటం శ్రుతిమించింది, కాదనను. బ్రిటిష్‌వోల్ట్ 380 కోట్ల పౌండ్ల ఫ్యాక్టరీ అని ఊరించి, ఒక్క పెద్ద కార్ల కంపెనీతోనూ గట్టి ఆర్డరు కుదుర్చుకోకుండానే 2023 జనవరిలో చేతులెత్తేసింది. కానీ రాత్రికి రాత్రి బోర్డు తిప్పేసే చిట్‌ఫండ్ బాపతుతో వీటిని ఒకే గాటన కట్టలేం. ఆస్ట్రేలియాలో రెడ్‌ఫ్లో 2005 నుంచి జింక్ బ్రోమిన్ ఫ్లో బ్యాటరీలు చేసింది, అమ్మింది, అవి పనిచేశాయి. పెద్ద ఎత్తున చేయడానికి నిధులు దొరక్క 2024లో ఆగిపోయింది. బ్రిటన్‌లో లిథియం సల్ఫర్ మీద పనిచేసిన ఆక్సిస్ 2021లో అలాగే పోయింది.

చైనా కంపెనీలకు ఈ బాధ లేదా?

ఉంది, మనదాకా వార్త రాదంతే. షెన్‌జెన్‌కు చెందిన ఆప్టిమమ్ నానో 2017లో చైనాలో మూడో పెద్ద వాహన బ్యాటరీ కంపెనీ. ప్రభుత్వం సబ్సిడీ నిబంధనలు మార్చగానే కుదేలై, 2019లో దివాలా కోర్టుకెక్కింది. అలాంటివాటి మీదుగానే చైనా బ్యాటరీ దిగ్గజాలు సీఏటీఎల్, బీవైడీ ఎదిగాయి. సీఏటీఎల్ 2025 ఏప్రిల్‌లో నాక్స్‌ట్రా అనే సోడియం బ్యాటరీని ప్రకటించింది. లిథియం మీద వచ్చే లాభంతో సోడియాన్ని ఎన్నేళ్లయినా పోషించగలదు. నాట్రాన్‌కు లేనిది అదే.

సాలిడ్ స్టేట్ షేర్లు కొనమంటున్నారు. కొనాలా?

నేను సలహాదారుని కాదు, చరిత్ర మాత్రం చెబుతాను. సాలిడ్ స్టేట్ సెల్స్ మీద పనిచేసే అమెరికా కంపెనీ క్వాంటమ్‌స్కేప్ 2020లో షేర్ మార్కెట్లోకి వచ్చింది. అదే డిసెంబరులో షేరు 131 డాలర్లు దాటింది, అప్పటికి అమ్మకాలే లేవు. 2025 ఏప్రిల్‌లో 4 డాలర్ల లోపుకు పడింది. సెప్టెంబరులో డుకాటి బైకును వాళ్ల సెల్స్‌తో నడిపి చూపించారు, షేరు మళ్లీ పైకి లేచింది. అంటే టెక్నాలజీ ముందుకే నడుస్తోంది, ఎక్కువ రేటుకు కొన్నవాడు మాత్రం మునిగాడు.

ఏ బ్యాటరీ కంపెనీ షేరైనా సరే, నేను మొదట చూసేది చేతిలో ఉన్న నగదు ఎన్ని నెలలకు సరిపోతుందన్నది. ఆ తర్వాత, ఆర్డరు గట్టిదా లేక కొంటామని రాసిన ఉత్తరం మాత్రమేనా అన్నది. ఎంఓయూ మీద సంతకాలు చేస్తూ దిగిన ఫొటోను ఆర్డరుగా లెక్కేయకండి.

మన దేశంలో, మన రాష్ట్రాల్లో పరిస్థితి ఏమిటి?

కేంద్రం 2021 మేలో సెల్ తయారీకి 18,100 కోట్ల రూపాయల పీఎల్ఐ (ఉత్పత్తిని బట్టి ప్రోత్సాహకం) పథకం ఆమోదించింది, లక్ష్యం 50 గిగావాట్ అవర్లు (ఒక గిగావాట్ అవర్ అంటే పది లక్షల కిలోవాట్ అవర్లు). మొదట గెలిచినవాళ్లలో ఓలా, రిలయన్స్, బంగారం వ్యాపారం చేసే రాజేష్ ఎక్స్‌పోర్ట్స్ ఉన్నాయి. హ్యుందాయ్ గ్లోబల్ మోటార్స్ అనే నాలుగో కంపెనీ తర్వాత తప్పుకుంది. దానికీ కార్ల హ్యుందాయ్‌కీ సంబంధం లేదని కార్ల కంపెనీ ప్రత్యేకంగా ప్రకటించుకోవాల్సి వచ్చింది. పథకంలో మెలిక ఏమిటంటే సెల్ తయారుచేసి అమ్మాకే ప్రోత్సాహకం చేతికొస్తుంది. మొదటి ఏళ్ల ఖర్చు సొంతంగానే భరించాలి. గడువు దాటినందుకు 2025 మార్చిలో రిలయన్స్ అనుబంధ సంస్థకే జరిమానా నోటీసు వచ్చింది.

తిరుపతి దగ్గర కరకంబాడిలో పెరిగిన అమర రాజా దారి నాకు ఆసక్తిగా అనిపిస్తుంది. పీఎల్ఐలో గెలిచినవాళ్లలో అది లేదు. మహబూబ్‌నగర్ జిల్లా దివిటిపల్లిలో పదేళ్లలో 9,500 కోట్ల రూపాయలతో 16 గిగావాట్ అవర్ల దాకా సెల్స్ అని ప్రణాళిక వేసుకుని, 2023 మేలో శంకుస్థాపన చేసింది. కొత్త రసాయనం కనిపెట్టే జోలికి పోలేదు. 2024లో చైనా బ్యాటరీ కంపెనీ గోషన్ గ్రూపు సంస్థ నుంచి ఎల్ఎఫ్‌పీ టెక్నాలజీకి లైసెన్సు తీసుకుంది. ఖర్చులకు ఆమరాన్ లెడ్ బ్యాటరీల అమ్మకాలు ఉన్నాయి, ఇందాక చెప్పిన సోనీ కెమెరాల్లాగా. ఇందులో థ్రిల్ లేదు, కానీ అప్పులిచ్చే బ్యాంకులకు థ్రిల్ అక్కర్లేదు. ఇబ్బంది ఒకటే, చైనా సెల్ ధర ఇంకా పడితే ఇక్కడ చేసిన సెల్ దానికి దీటుగా నిలబడాలి.

హైదరాబాద్‌లో పరిశోధన వైపు కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐ ఉంది. గోడి ఇండియా అనే స్థానిక కంపెనీ 2022లోనే సొంత టెక్నాలజీతో చేసిన సెల్స్‌కు బీఐఎస్ సర్టిఫికెట్ తెచ్చుకుంది. ల్యాబులు, మనుషులు మనకు ఉన్నారు. లేనిది పదేళ్లు వడ్డీ కోసం వెంటపడని డబ్బు.

సర్టిఫికెట్ల పేరుతో ఇంత ఆలస్యం అవసరమా?

అవసరమే. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో, కొద్ది రోజులకే విజయవాడలో, ఇంట్లో చార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీలు పేలి మనుషులు చనిపోయారు. ఎలక్ట్రిక్ బండ్ల బ్యాటరీ భద్రతకు సంబంధించిన ఏఐఎస్ 156 నిబంధనలను ఆ ఏడాది చివర్లో, 2023 మార్చి చివర్లో రెండు దశల్లో కఠినం చేశారు. స్టార్టప్‌లకు టెన్షన్, ఖర్చు రెండూ పెరిగాయి. పెరగాల్సిందే.

ఎవరూ గట్టెక్కడం లేదా?

ఉన్నారు. అమెరికాలో వంద గంటలు కరెంటు ఇవ్వగల ఐరన్ ఎయిర్ బ్యాటరీ చేస్తున్న ఫార్మ్ ఎనర్జీ 2024 అక్టోబరులో 40.5 కోట్ల డాలర్లు సమీకరించింది. జింక్ బ్యాటరీల ఇయోస్ 2024లో ప్రైవేటు ఫండ్ ఆదుకోవడంతో ఊపిరి పీల్చుకుని, ఏడాది చివర్లో 30.35 కోట్ల డాలర్ల ప్రభుత్వ రుణ హామీ సంపాదించింది. రెండింటికీ లాభాలు ఇంకా దూరమే.

సోడియం స్కూటర్ వచ్చేదాకా ఆగి కొనాలా?

ఆగొద్దు. ఇప్పుడు అవసరమైతే మంచి ఎల్ఎఫ్‌పీ బండి కొనుక్కోండి.

నా ఇంటి బ్యాటరీ చేసిన కంపెనీ మూతపడితే వారంటీ సంగతి?

కంపెనీ ఐపీ పెడితే మీరు అప్పులవాళ్ల వరసలో చిట్టచివర నిలబడతారు. బ్యాంకులు, ఉద్యోగులు, పన్నుల తర్వాత మీ వంతు, అప్పటికి మిగిలేది దాదాపు ఏమీ ఉండదు. ఇంకెవరైనా ఆ కంపెనీని కొన్నా పాత వారంటీలు నెత్తిన వేసుకుంటారన్న గ్యారంటీ లేదు.

కాబట్టి జాగ్రత్త కొనేముందే పడాలి. వారంటీ కార్డు మీద ఎవరి పేరుందో చూడండి: సెల్ చేసినవాడిదా, ప్యాక్ కట్టినవాడిదా, డీలరుదా? "10 ఏళ్ల వారంటీ" అని రాసిన కంపెనీ పుట్టి రెండేళ్లే అయితే ఆ పదికి అర్థం లేదు. లోపల ఏ కంపెనీ సెల్స్ ఉన్నాయో బిల్లు మీద రాయించుకోండి, రేపు వేరే మెకానిక్ రిపేరు చేయాలన్నా అదే ఆధారం. మొబైల్ యాప్ లేకపోయినా బ్యాటరీ ఆన్ అయి చార్జ్ అవుతుందా అని షాపులోనే డీలరు ముందు ఫోన్ నెట్ ఆపేసి పరీక్షించండి. కంపెనీ సర్వర్ ఆగిన రోజున ప్యాక్ లాక్ అయిపోయే రకమైతే, ధర ఎంత తగ్గించినా వదిలేయండి.